కొయ్యకుండా వదిలేసిన వైరు

మా ఇంటికి వచ్చే పిల్లలందరిదీ ఒకటే ప్రశ్న. "ఆంటీ, ఈ చార్జర్ మా టాబ్లెట్‌కి పెట్టొచ్చా?" ఎమ్మెస్ చదువుకునేవాళ్లూ అడుగుతారు, నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరినవాళ్లూ అడుగుతారు. ఇరవై ఏడేళ్లు అడాప్టర్లతోనే కాపురం చేసినదాన్ని కదా, నన్ను కాక ఇంకెవరిని అడుగుతారు? నేను ముందు తిడతాను. "దూరిందల్లా పెట్టేయడమేనా? వెనకాల రాసింది చదవడానికి కళ్లు లేవూ?" అంటాను. ఆ తర్వాత చెప్పాల్సింది చెప్తాను. అయితే ఎందుకంత కోపం అని ఒక్కరూ అడగలేదు. అడిగినా చెప్పేదాన్ని కాదేమో. అందులో నా తప్పు ఉంది. ఉద్యోగం మానేసి ఇన్నేళ్లయింది, ఇంకా దాచుకుని ఏం బావుకుంటాను? రాసేస్తున్నాను.

రెండువేల పదమూడు చలికాలం. ఒక మంగళవారం మధ్యాహ్నం, రెండూ పదికి, ల్యాబ్‌లో బల్ల ముందు కూర్చుని ఉండగా నా ఫోన్ మోగింది. వీడియో కాల్. తెర మీద ఒకాయన ఫొటో. సేఫ్టీ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. ఆ ఫొటో తీసింది నేనే. ఆయన నా పక్క బల్ల మనిషి. చనిపోయి అప్పటికి నెల దాటింది.

ఎత్తాను. అవతల మనిషి లేడు. ఒక తెల్లటి ఇంటి కప్పు, కప్పుకి ఒక లైటు, అంతే. ఎక్కడో నీళ్లు పడుతున్న చప్పుడు. "హలో" అన్నాను. నాలుగైదు క్షణాలకి దానంతట అదే ఆగిపోయింది. ఆయన భార్య పొరపాటున నొక్కి ఉంటుందిలే అని సర్దిచెప్పుకున్నాను. బుధవారం అదే వేళకి మళ్లీ మోగింది. గురువారం కూడా. అదే కప్పు, అదే లైటు, అదే మౌనం.

ముందు మా పని సంగతి నాలుగు ముక్కలు చెప్పాలి. షికాగో శివార్లలో ఒక సేఫ్టీ టెస్టింగ్ ల్యాబ్ మాది. బజార్లోకి రాబోయే కరెంటు వస్తువుల్ని కంపెనీలు మాకు పంపిస్తాయి. మేం వాటిని నానా హింసలూ పెడతాం. తట్టుకుంటే మార్కు, తట్టుకోకపోతే ఇంటికి. నా బల్ల మీదికి వచ్చేవి అడాప్టర్లు. అడాప్టర్ అంటే ఒక డబ్బాలో రెండు గదులనుకోండి. ఒక గదిలో గోడ ప్లగ్గులోంచి వచ్చిన కరెంటు, మనిషిని చంపేది. రెండో గదిలో టాబ్లెట్‌కి వెళ్లే ఐదు వోల్టుల కరెంటు, పసిపిల్ల ముట్టుకున్నా ఏమీ అనేది కాదు. ఆ రెండింటి మధ్యా అడ్డుగోడ ఎంత గట్టిగా కట్టారో చూడడమే నా ఉద్యోగం. అది కట్టడానికే చాలామందికి బద్ధకం.

ఫెయిలైన సరుకు విషయంలో మాకొక పద్ధతి ఉండేది. ఎవరూ పొరపాటున వాడకుండా వైరు అక్కడికక్కడే కొయ్యాలి. కాఫీకి లేవకముందే కొయ్యాలి. నాకు పని నేర్పిన ముసలాయన కట్టర్‌ని బల్ల కాలికి తాడుతో కట్టేసి మరీ రిటైరయ్యాడు. ఎవరు ఫెయిల్ చేశారో వాళ్లే కొయ్యాలి, ఇంకొకరికి అప్పజెప్పకూడదు అనేవాడు. నాకది చాదస్తం అనిపించేది.

పక్క బల్ల ఆయనది వరంగల్ దగ్గర. నాకంటే ఆరేళ్లు చిన్న, నన్ను అక్కా అని పిలిచేవాడు. టోస్టర్లూ, మిక్సీలూ ఆయన వాటా. చాలా మంచి ఇంజనీరు, కానీ దేన్నీ పారెయ్యలేడు. మన ఇళ్లన్నింట్లోనూ నీలం రంగు బిస్కెట్ల డబ్బా ఒకటుంటుంది కదా, బిస్కెట్లు అయిపోయాక సూదీ దారం పెట్టుకునేది? ఆయనింట్లో అలాంటివి మూడు. మూడింటి నిండా పాత చార్జర్లు, వైర్లు, ఏ వస్తువుదో తెలియని ప్లగ్గులు. "ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తదక్కా" అనేవాడు. నేను ఎగతాళి చేసేదాన్ని గానీ, నిజం చెప్పొద్దూ, మా ఇంట్లోనూ రెండున్నాయి. లోపల ఏముందో ఇంజనీర్లమైన మాకు తెలుసు. అయినా మంచి వైరు కనిపిస్తే కొయ్యడానికి మాకు చేతులు రావు.

అంతకుముందు ఎండాకాలంలో ఒక కంపెనీ ఆరు తెల్ల అడాప్టర్లు పంపింది. గోడకి గుచ్చే చిన్న డబ్బా, దానికే అతికిన వైరు, వైరు కొసన చాలా ఫోన్లకీ టాబ్లెట్లకీ పట్టే సన్న పిన్ను. మొదటిదాన్ని టెస్టుకి పెట్టాను. రెండు గదుల మధ్య ఎక్కువ వోల్టేజీ పంపి ఒక నిమిషం ఆగాలి. నిమిషం దాకా ఎక్కడ? ఠప్ మని అలారం కొట్టింది. విప్పి చూస్తే లోపల అడ్డుగోడ పేరుకే ఉంది. గోరు పట్టేంత ఎడం కూడా లేదు. ఒకటి అలా ఉంటే ఆరూ అంతే. ఆరింటికీ మాస్కింగ్ టేప్ అంటించి, నంబర్లు వేసి, పక్కన పెద్ద ఎఫ్ రాసి, కట్టర్ తీసుకున్నాను. ఐదు కోశాను.

ఆరోదాని దగ్గర ఆయన వచ్చాడు. చేతిలో టిఫిన్ డబ్బా, అందులో వాళ్లావిడ చేసిన సర్వపిండి.

"అక్కా, ఆ ఒక్కటి ఆపరాదూ" అన్నాడు. "మా టాబ్లెట్ చార్జర్ హైదరాబాద్‌ల మర్చిపోయి వచ్చిన. ఇది మంచిగ పడతది."

"ఫెయిలైందయ్యా బాబూ. ఎఫ్ కనపడ్డంలేదా?"

"ఫెయిలైంది మొదటిదక్కా. దీన్ని నువ్వు టెస్టే పెట్టలే. కొత్తది కొనేదాంక రెండు దినాలు వాడుకుంట, అంతే."

నా నోట్లో సర్వపిండి, చేతిలో కట్టర్. వైరు కూడా మంచి దళసరిగా, ముచ్చటగా ఉంది. "రెండు రోజులే. తర్వాత నువ్వే కోసెయ్" అన్నాను. ఆ మాట అన్న నోటిని ఇప్పటికీ తిట్టుకుంటాను. ఆయన నవ్వుకుంటూ వైరు చుట్టి జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాత ఆయనా మర్చిపోయాడు, నేనూ మర్చిపోయాను.

జనవరిలో పెద్ద మంచు పడిన రోజు పొద్దున్నే ఆయన నాకు వీడియో కాల్ చేశాడు. నేను టెస్టు మధ్యలో ఉన్నాను. తర్వాత చేద్దాంలే అని వదిలేశాను. అరగంటకి ఇంటిముందు డ్రైవ్‌వేలో పారతో మంచు తీస్తూ కూలిపోయాడు. గుండె. అంబులెన్స్ వచ్చేసరికే అయిపోయింది. అందుకే ఆ మంగళవారం ఆయన ఫొటో తెర మీద వెలిగినప్పుడు నాకు మొదట తట్టింది దెయ్యం కాదు. ఆ రోజు ఎత్తని ఫోను. ఎత్తేదాకా చేస్తూనే ఉంటాడేమో అనిపించింది.

శుక్రవారం సెలవు పెట్టి నేపర్‌విల్‌లో వాళ్లింటికి వెళ్లాను. కూతురిది ఎక్కడో దూరాన సన్నీవేల్‌లో ఉద్యోగం, కర్మలయ్యాక రెండు వారాలుండి వెళ్లిపోయింది. ఆవిడ ఒక్కతే ఉంటోంది. బయట మోకాలెత్తు మంచు, ఇంట్లో ఆ మంచు మీంచి వచ్చే తెల్లటి వెలుతురు. గుమ్మం పక్కన ఆయన బూట్లు అలాగే ఉన్నాయి. ఏడ్చి ఏడ్చి ఉంటుందనుకుని వెళ్లానా, ఆవిడ చక్కగా తల దువ్వుకుని, బొట్టు పెట్టుకుని, మంచి చీర కట్టుకుని ఉంది. వంటింటి గట్టు మీద రెండు కప్పుల టీ.

"మంచి టైంకు వచ్చినవక్కా" అంది. "కూర్చో. ఆయన వచ్చే యాళ్లయింది."

"ఎవరు?"

"ఎవరేందక్కా? ఆయనే."

సింకు పక్కన, రాతి గట్టు మీద ఆయన టాబ్లెట్ వెల్లకిలా పెట్టి ఉంది. వెనక వైపంతా లోహం, ఆయనకి ఆ మెరుపంటే ఇష్టం. ఆవిడ వైరు తీసి దానికి గుచ్చింది. రోజూ ఈ వేళకే గుచ్చుతుందట. నేను వైరు వంక చూడలేదు. టాబ్లెట్ వంకే చూస్తున్నాను.

ముందు ఏమీ జరగలేదు. తర్వాత తెర వెలిగింది. ఎవరూ ముట్టుకోలేదు. ఫొటోల పుస్తకం తెరుచుకుంది. ఒక ఫొటో జరిగింది, ఇంకొకటి జరిగింది, మూడోది. ఎవరో వేలితో తిప్పుతున్నట్టే తిరుగుతున్నాయి. ఒకచోట ఆగింది. ఇద్దరూ ఏదో సరస్సు దగ్గర నిలబడ్డ ఫొటో. అది పెద్దదైంది, చిన్నదైంది, మళ్లీ పెద్దదైంది.

"టీ తాగుతవా?" అని ఆవిడ టాబ్లెట్‌ని అడిగింది. ఫొటో చప్పున మూసుకుపోయి, రాసుకునే పేజీ వచ్చింది. దాని మీద అక్షరాలు పడుతున్నాయి. ఒక వరస ఆగుతూ ఆగుతూ, ఒక వరస గబగబా. అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు. ఆవిడ తల ఊపుతూ చదువుకుంటోంది, ఏదో తెలిసినట్టు.

"ఏముందో అర్థమవుతోందా నీకు?"

"కొంచెం కొంచెం అయితదక్కా. ఆయనకు గూడ కొత్త కదా."

ఇంతలో పేజీ పోయింది, వీడియో కాల్ బొమ్మ వచ్చింది, జాబితాలో అన్నింటికంటే పైనున్న పేరు దానంతట అదే నొక్కుకుంది. నా సంచిలో ఫోన్ మోగింది. ఆ ఇంట్లో, ఆ వెలుతురులో, ఆ చప్పుడు ఎలా ఉందో రాయడం నాకు చేతకాదు.

"నీకే చేస్తడు రోజూ" అంది ఆవిడ. "ఆ పొద్దు గూడ నీకే చేసిండు కదక్కా. మంచు ఎంతెత్తు పడ్డదో చూపిద్దామని. నువ్వు ఎత్తలే."

నేను ఏడ్చేశాను. ఇరవై ఏళ్లు కరెంటుతో పనిచేసిన మనిషిని, ఆ క్షణంలో నమ్మేశాను. అబద్ధమెందుకు? మా ల్యాబ్‌లో అడాప్టర్లకి టాబ్లెట్లు తగిలించం, ఊరికే కరెంటు తాగే ఇటుకల్లాంటి రెసిస్టర్లు తగిలిస్తాం. వాటికి తెరలుండవు. ఇలాంటిది నేను అంతకుముందు ఎన్నడూ కళ్లారా చూసి ఎరగను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని టాబ్లెట్ వెనక వైపుకి చేర్చింది. "మెల్లగ నిమురు. జిల్లుమంటది చూడు. ఆయన చెయ్యి పట్టుకున్నట్టే ఉంటది."

నిమిరాను. జిల్లుమంది.

ఏడుపు ఠక్కున ఆగిపోయింది. ఆ జిల్లు నాకు తెలుసు. ఆ మనిషి చెయ్యి కాదది. అడ్డుగోడ దాటి ఇవతలికి కారుతున్న కరెంటు. వైరు వెంబడి చూసుకుంటూ వెళ్లి గోడ దగ్గర వంగాను. తెల్ల డబ్బా. దాని పొట్ట మీద మాస్కింగ్ టేపు ముక్క, మాసిపోయి. ఆరో నంబరు. పక్కన పెద్ద ఎఫ్. నా చేతిరాత.

రెండు రోజులకని తీసుకెళ్లినవాడు ఆర్నెల్లు వాడాడు. ఇప్పుడు ఆవిడ వాడుతోంది. ఆ పేరుకున్న అడ్డుగోడ కూడా ఈపాటికి పాడైపోయి ఉంటుంది. టాబ్లెట్ తెర మన వేలిలో ఉండే కొద్దిపాటి కరెంటుని పసిగట్టి పనిచేస్తుంది. అడాప్టర్ చెత్తదైతే దాన్లోంచి వచ్చే రొద తెరకి వేలిలా తోస్తుంది, లేని వేళ్లు నొక్కుతున్నట్టు ఎగురుతుంది. నేను పిన్ను లాగాను. తెర బొమ్మలా నిలబడిపోయింది. మళ్లీ గుచ్చాను. ఫొటోలు తిరగడం మొదలైంది.

"ఈ చార్జర్ నేను పట్టుకెళ్తానమ్మాయ్" అన్నాను. "మంచిది కాదు. కొత్తది తెస్తాను."

ఆవిడ ముఖం మారిపోయింది. "వద్దక్కా. వేరేది పెట్టి చూసిన. అది పెడితే ఆయన రాడు."

అక్కడ చెప్పాలి నేను. అది నేను ఫెయిల్ చేసిన సరుకని, నిన్ను చంపుతుందని, కూర్చోబెట్టి చెప్పాలి. ఆవిడ బొట్టు, రెండు కప్పుల టీ, ఆ ముఖంలో వెలుగు చూసి నోరు రాలేదు. ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. టేపు మీద ఉన్నది నా రాత అని ఆవిడకి తెలుస్తుందని భయపడ్డాను. "తడి చేతుల్తో ముట్టుకోకు సుమా, నీళ్ల దగ్గర పెట్టుకోకు" అని మాత్రం నాలుగుసార్లు చెప్పి, పిరికిదానిలా ఇంటికొచ్చేశాను. నా ఉద్యోగ జీవితంలో అంత సిగ్గుమాలిన పని ఇంకొకటి లేదు.

శనివారం, ఆదివారం రెండూ పదికి ఫోన్ మోగింది. ఎత్తలేదు, మోగుతుంటే చూస్తూ కూర్చున్నాను. మోగిందంటే ఆవిడ బతికే ఉందని. సోమవారం ఎలాగైనా వెళ్లి లాక్కుని వచ్చేస్తానని ఒట్టు పెట్టుకుని, పొద్దున మీటింగ్ ఉందని ఆగాను. మధ్యాహ్నం ల్యాబ్‌లో ఫోన్ ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను.

రెండూ పది. మోగలేదు.

రెండుంబావు. రెండూ ఇరవై. వారం రోజులుగా ఆ మోత వింటే చచ్చేంత భయపడిన దాన్ని, మోగవే తల్లీ మోగు అని ఫోన్‌ని బతిమాలుకున్నాను. ఆవిడ సెల్‌కి చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. కోటు వేసుకున్నానో లేదో గుర్తులేదు, కారెక్కాను. మంచులో ఎలా డ్రైవ్ చేశానో ఆ దేవుడికే తెలియాలి. దారి పొడుగునా కొయ్యని వైరే కళ్లముందు.

గరాజ్ తలుపు కోడ్ నాకు తెలుసు. లోపలికి పరిగెత్తాను. ఆవిడ వంటింటి నేల మీద, అల్మరాకి వీపు ఆనించి కూర్చుని ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. కుడిచేతి వేళ్లు ఒళ్లో ముడుచుకుని ఉన్నాయి. టాబ్లెట్ నేల మీద బోర్లా పడి ఉంది. సింకులో పంపు పారుతోంది.

నేను ముందు గోడ దగ్గరికి పోయి అడాప్టర్ పీకేశాను. తర్వాతే ఆవిడ పక్కన కూలబడ్డాను. "ఏమైంది? ఏమైందమ్మా?"

ఆవిడ నావైపు చూడలేదు. "కొట్టిండక్కా" అంది.

"ఎవరు?"

"ఇరవై ఐదేండ్లల్ల ఒక్కనాడు చెయ్యెత్తలే నా మీద. ఇయ్యాల కొట్టిండు. ఏం తప్పు జేసిన నేను?"

గిన్నె కడుగుతూ, ఒక చెయ్యి పంపు మీద ఉండగా, రెండో చేత్తో టాబ్లెట్‌ని దగ్గరికి జరుపుకుందట. ఆవిడ బతకడానికి ఒక్కటే కారణం. ఈ దేశంలో సింకుల దగ్గరుండే ప్లగ్గుల మధ్య చిన్న బటన్ ఉంటుంది, కరెంటు దారి తప్పితే టక్కున పడిపోయి సరఫరా ఆపేస్తుంది. అది పడిపోయి ఉంది. ఏ పాత ఇంట్లోనో అయితే నేను శవాన్ని చూసేదాన్ని.

ఇక దాచడానికి నాకు ప్రాణం ఒప్పలేదు. ఆయన కొట్టాడని ఆ మనిషి బతికినన్నాళ్లూ అనుకుంటుందే!

"ఆయన కాదు" అన్నాను. "నేను. నిన్ను కొట్టింది నేను." అడాప్టర్ తిప్పి టేపు చూపించాను. ఆరు పీసులు, ఠప్ మన్న అలారం, సర్వపిండి, కట్టర్, అన్నీ చెప్పాను. తెర ఎందుకు ఎగురుతుందో, ఎందుకు జిల్లుమంటుందో చెప్పాను. శుక్రవారమే తెలుసనీ చెప్పాను. అది చెప్పడమే అన్నిటికంటే కష్టమైంది.

ఆవిడ వేళ్లు చల్లటి నీళ్ల కింద పెట్టి, ఎమర్జెన్సీకి తీసుకెళ్లాను. గుండె పరీక్ష చేసి, కాసేపు ఉంచుకుని, ఫరవాలేదని పంపేశారు. తిరిగి వచ్చేటప్పుడు కార్లో అడిగింది.

"అక్కా, మీది అంత పెద్ద ల్యాబ్ కదా. షాక్ కొట్టకుండ జేసి, ఆయన వచ్చేటట్టు పెట్టియ్యరాదూ?"

మర్నాడు పొద్దున ల్యాబ్‌లో అందరికంటే ముందు వెళ్లాను. ఆవిణ్ణి అడిగి తెచ్చిన టాబ్లెట్, ఆ అడాప్టర్ నా బల్ల మీద పెట్టాను. మా దగ్గర ఒక బరువైన ఇనప పెట్టె ఉండేది. గోడ కరెంటుకీ భూమికీ ఉన్న సంబంధాన్ని తెంచేసి ఇస్తుంది, దాని మీదుగా పెడితే ఇంత చెత్త అడాప్టరైనా మనిషిని కొట్టడానికి దారి దొరకదు. దాని మీదుగా పెట్టాను. పది నిమిషాలు చూశాను. తెర కదల్లేదు. ఒక్క ఫొటో తిరగలేదు.

పెట్టె తీసేసి నేరుగా గోడకి పెట్టాను. కారే కరెంటుని కొలిచే మీటర్ ముల్లు హద్దు దాటి అవతలికి పోయింది, తెర మీద ఫొటోలు తిరగడం మొదలైంది. మళ్లీ పెట్టె. మౌనం. మళ్లీ గోడ. కదలిక. ఎన్నిసార్లు చేశానో. ఆయన వచ్చే దారీ, చావు వచ్చే దారీ ఒక్కటే. ఒకదాన్ని మూస్తే రెండోది మూసుకుపోతోంది.

ఆఖరిసారి గోడకి పెట్టి ఉండగా నా కోటు జేబులో ఫోన్ మోగింది. కళ్లద్దాలు నుదుటి మీద, పళ్లన్నీ బయట. పక్కనే ఆయన ఖాళీ బల్ల, స్టూలు, ఇంకా ఎవరూ తీసెయ్యని కాఫీ మగ్గు. అది ఎందుకు మోగుతోందో నాకంటే బాగా తెలిసినవాళ్లు ఆ ఊళ్లో లేరు. అయినా ఎత్తాను. చెవి దగ్గర పెట్టుకున్నాను.

"ఏమయ్యా" అన్నాను. "మంచు బాగా పడిందా?"

కాసేపు ఉండి ఆగిపోయింది. పిన్ను లాగేశాను.

ఆ మధ్యాహ్నం టాబ్లెట్, కొత్త అడాప్టర్, పాత అడాప్టర్, బల్ల కాలికున్న తాడు కోసి తెచ్చిన కట్టర్, నాలుగూ పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. "భద్రంగా పెడితే రాడమ్మా" అన్నాను. ఇంకెలా చెప్పాలో తెలియలేదు. ఆవిడ తల ఊపింది. ఆ రోజు బొట్టు పెట్టుకోలేదు.

"కొత్తది మంచిదని ఎట్ల తెలుస్తది? గది గూడ చూపియ్" అంది. నా మాట నమ్మడం మానేసింది మరి, తప్పులేదు. భూతద్దం తెమ్మన్నాను. టాబ్లెట్ వెనక సన్నటి అక్షరాలు చదివించాను. వోల్టులు అక్కడ ఎంత ఉంటే అడాప్టర్ మీదా అంతే ఉండాలి, ఎక్కువా తక్కువా కుదరదు. ఆంపులు మాత్రం అంతైనా ఉండాలి, ఎక్కువున్నా ఫరవాలేదు. "కుక్కర్‌లో అన్నం ఎంతున్నా తినేవాడు ఆకలి మేరకే తింటాడు, అలాగ" అన్నాను. తర్వాత సేఫ్టీ మార్కు, దాని పక్కనున్న ఫైల్ నంబరు. మార్కు ఎవడైనా దొంగగా అచ్చేస్తాడు, నంబరు వెబ్‌సైట్‌లో కొట్టి చూడమన్నాను. ఆవిడే కొట్టింది. కంపెనీ పేరు సరిపోయిందో లేదో రెండుసార్లు చూసుకుంది. అప్పుడు గుచ్చింది.

ఇద్దరం ఎదురుగా కూర్చున్నాం. రెండూ పది అయింది. రెండుంబావు అయింది. బ్యాటరీ బొమ్మ నిండుతోంది, అంతే. ఆవిడ వెనక వైపు అరచెయ్యి ఆనించి చూసింది. చల్లగా ఉందంది.

"అయితే ఇగ లేడు" అంది. అప్పుడు ఏడ్చింది. నెల మీద పది రోజుల ఏడుపు ఒక్కసారే. నేను పట్టుకోబోతే నా చెయ్యి తోసేసింది. తర్వాత తనే పట్టుకుంది.

కాస్త తేరుకున్నాక నేను పాత అడాప్టర్, కట్టర్ ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ చేత్తో కోస్తే ఆవిడకి కాస్త నిబ్బరంగా ఉంటుందని నా తెలివి. ఆవిడ కట్టర్ తీసుకుని, తిప్పి, పిడి నావైపు పెట్టింది.

"నువ్వు కొయ్యి" అంది. "నువ్వు కొయ్యాల్సింది ఇది."

కోశాను. మంచి దళసరి వైరు, రెండుసార్లు నొక్కాల్సి వచ్చింది. తర్వాత ఆవిడ లోపలికి వెళ్లి మూడు నీలం డబ్బాలు తెచ్చి టేబుల్ మీద బోర్లించింది. చీకటి పడేదాకా ఇద్దరం ఒక్కొక్కటీ చదువుతూ, పనికిరానివి కోస్తూ కూర్చున్నాం. ఇంటికెళ్లి మా రెండు డబ్బాలూ ఖాళీ చేశాను. మా ఆయన కొయ్యొద్దని గోల చేస్తే ఆయన మీద కూడా అరిచాను.

ల్యాబ్‌లో మా మేనేజర్‌కి నా తప్పు రాసి ఇచ్చాను. మందలింపు లెటర్ వచ్చింది. దాన్ని ఫ్రేము కట్టించకపోయినా, ఇప్పటికీ దాచుకున్నాను.

ఆవిడ ఇప్పుడూ నేపర్‌విల్‌లోనే ఉంది. వారంలో మూడు నాలుగు రోజులు రెండూ పదికి ఆ టాబ్లెట్ మీంచే నాకు వీడియో కాల్ చేస్తుంది. అకౌంట్ ఆయనదే, ఫొటో మార్చలేదు. కళ్లద్దాలు నుదుటి మీద, పళ్లన్నీ బయట. ఎత్తగానే కప్పు కాదు, ఆవిడ ముఖం కనిపిస్తుంది. "నేనే అక్కా, భయపడకు" అంటుంది, ప్రతిసారీ. అది ఊరడింపో, దెప్పిపొడుపో నేను ఇంతవరకూ అడగలేదు.

ఎక్కడున్నా, ఏ పనిలో ఉన్నా, ఆ ఫోన్ మాత్రం వదలను. కానీ ఎత్తడానికి ఇప్పటికీ నాకు రెండు రింగులు పడుతుంది.